ఊపిరిని లెక్కపెట్టుకున్న రన్నర్: లేహ్‌లో ఒక కేసు

ఈ కేసులో నేను రెండుసార్లు పొరబడ్డాను. రాయడానికి అసలు కారణం అదే. ఆ రన్నర్ అనుమతి తీసుకున్నాను. వయసు, వృత్తి లాంటి వివరాలు కొద్దిగా మార్చాను. పరీక్షల అంకెలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఇస్తున్నాను.

నేపథ్యం

నలభై అయిదు దాటిన మనిషి. హైదరాబాద్‌లో కూర్చుని చేసే ఉద్యోగం. పదేళ్లుగా పరిగెడుతున్నారు, వారానికి 45–50 కిలోమీటర్లు. హాఫ్ మారథాన్ 1 గంట 54 నిమిషాల్లో పూర్తిచేస్తారు. పొగ, మందు లేవు. రోజూ తెల్లవారుజామున ప్రాణాయామం. ఆ అలవాటునే పరుగులోకీ తెచ్చుకున్నారు: నాలుగు అడుగులకు పీల్చడం, నాలుగు అడుగులకు వదలడం, వీలైనంతవరకు ముక్కుతోనే. వేగం పెరిగితే మూడు, మూడు. వాళ్ల రన్నింగ్ గ్రూపులో అందరూ రొప్పుతూ ఎక్కే ఫ్లైఓవర్ మీద కూడా ఈయన నోరు మూసుకునే పరిగెత్తేవారట. ఆ సంగతి నాకు కొంచెం గర్వంగానే చెప్పారు.

లడఖ్‌లోని లేహ్‌లో జరిగే హాఫ్ మారథాన్‌కు పేరు ఇచ్చి, తనకు తోచినట్టు సిద్ధమయ్యారు. ఆన్‌లైన్‌లో 'ఆల్టిట్యూడ్ మాస్క్' కొని దానితో పరిగెత్తారు. నెలకోసారి అరకు వెళ్లి ఘాట్ రోడ్డు ఎక్కారు. ఈ రెండింటివల్లా కాళ్లకు, మనసుకు మేలు జరిగి ఉంటుంది గానీ ఎత్తు అలవాటు కాలేదు. మాస్క్ గాలి వచ్చే దారిని ఇరుకు చేస్తుందంతే, గాలిలోని ఆక్సిజన్ ఒత్తిడిని తగ్గించదు. అరకు లోయ ఎత్తు వెయ్యి మీటర్లకు కాస్త అటూ ఇటూ. లేహ్ 3,500 మీటర్లు. "మన పూర్ణ పదమూడేళ్లకే ఎవరెస్ట్ ఎక్కింది కదా సార్, లేహ్ ఎంత?" అన్నారు. 2014లో మాలావత్ పూర్ణ ఎక్కిన మాట నిజమే. అలాంటి యాత్రల్లో బేస్ క్యాంపు చుట్టూ వారాల తరబడి ఒళ్లు అలవాటు చేసుకుంటారు. ఈయన విమానం దిగిన నాలుగో రోజు ఉదయం స్టార్ట్ లైన్ దగ్గర ఉన్నారు.

వచ్చిన సమస్య

రెండో రోజు కొంచెం తలనొప్పి, పారాసిటమాల్‌తో తగ్గింది. పరుగు రోజున కిలోమీటరుకు 6 నిమిషాల చొప్పున మొదలుపెట్టారు. ఇక్కడి వేగంతో పోలిస్తే అర నిమిషం నెమ్మదే, సరిపోతుందనుకున్నారు. అయిదో కిలోమీటరుకే ఆయాసం. "ఊపిరి అదుపు తప్పుతోందని ఇంకా గట్టిగా లెక్కపెట్టుకున్నాను" అన్నారు. పదమూడో కిలోమీటరు దగ్గర కళ్ల ముందు చుట్టూ చీకటి కమ్మి, మధ్యలో మాత్రమే కనపడింది. రోడ్డు పక్కన కూర్చుండిపోయారు. మెడికల్ టెంట్‌లో చూస్తే ఆక్సిజన్ శాతం 71. ఆక్సిజన్ పెట్టిన పావుగంటకు 90 దాటింది. లేచి నడిచి బయటికొచ్చారు.

నా దగ్గరికి వచ్చింది రెండు నెలల తర్వాత. అప్పటికి ఎక్స్‌రే, ఎకో, ట్రెడ్‌మిల్ టెస్ట్ అన్నీ అయ్యాయి, అన్నీ నార్మల్. తెలిసినవాళ్లు 'లంగ్స్‌లో నీరు చేరి ఉంటుంది' అన్నారని ఆ భయం ఒకటి.

ముందు ఆ భయం సంగతి తేల్చాలి. ఎత్తైన చోట ఊపిరితిత్తుల్లో నీరు చేరడం ప్రాణం మీదికి తెచ్చే జబ్బు. అయితే అది సాధారణంగా విశ్రాంతిలో ఉన్నా ఆయాసం వదలదు, దగ్గు ఉంటుంది, ముదిరితే నురగ పడుతుంది. ఈయనకు ఆగిన పావుగంటలో తేరుకుంది, దగ్గు లేదు, టెంట్‌లో డాక్టర్ రాసిచ్చిన చీటీలో ఛాతీ చప్పుడు శుభ్రంగా ఉందని ఉంది. కాబట్టి అది కాదు. పరిగెత్తించి, ఆ తర్వాత ఊదించి చూశాం, ఆస్తమా ఆనవాళ్లూ లేవు. రక్తంలో ఫెరిటిన్ 22. హిమోగ్లోబిన్ బాగానే ఉన్నా ఐరన్ నిల్వలు అడుగంటాయన్నమాట. ఎత్తులో కొత్త రక్తం పట్టాలంటే ఐరన్ కావాలి కాబట్టి మాత్రలు మొదలుపెట్టాం. కానీ పదమూడో కిలోమీటరులో కూలబడ్డానికి అదొక్కటే కారణమంటే నాకు నమ్మబుద్ధి కాలేదు.

పరీక్షలో కనపడ్డది

సీపెట్ టెస్ట్ చేశాం. ముఖానికి మాస్క్ కట్టి, ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తిస్తూ, లోపలికి పోయే గాలిని, బయటికొచ్చే గాలిని కొలిచే పరీక్ష. ఆక్సిజన్ వాడకం గరిష్ఠంగా కిలో బరువుకు నిమిషానికి 46 మి.లీ. ఈ వయసుకు చాలా మంచి అంకె. నన్ను ఆపేసింది మిగతా మూడు అంకెలు. ఇక చేతగాదని చేయెత్తేసిన క్షణంలో ఆయన నిమిషానికి లాగుతున్న గాలి 84 లీటర్లు. ఊపిరితిత్తులు లాగగలిగింది 148. నిమిషానికి శ్వాసలు 28. అదే స్థాయి శ్రమలో నేను మామూలుగా చూసే రన్నర్లు నలభై పైనే తీస్తారు. చివరగా, వదిలే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ ఒత్తిడి 46 మి.మీ. బాగా అలిసే కొద్దీ అది 35 వైపు దిగాలి, ఎందుకంటే ఒళ్లు పుల్లబడుతున్న కొద్దీ ఊపిరి ఎక్కువై దాన్ని బయటికి తోసేస్తుంది. ఈయనకు దిగనే లేదు.

అంటే తక్కువగా ఊపిరి తీసే మనిషి. ఇది పుట్టుకతో వచ్చిందా, అలవాటా? ఎత్తుకు ఊపిరి స్పందించే తీరు మనిషికీ మనిషికీ చాలా తేడా. ఏళ్ల తరబడి దూరం పరిగెత్తేవాళ్లలో అది మందంగా ఉండడం కొత్త కాదు. తేల్చుకోవడానికి వారం తర్వాత గంటకు 10 కి.మీ. వేగంతో మళ్లీ పరిగెత్తించాం. మొదటి పది నిమిషాలు లెక్కతో. తర్వాత పది నిమిషాలు లెక్క మానేయించి, ధ్యాస మళ్లించడానికి చెవుల్లో క్రికెట్ కామెంటరీ పెట్టాం. గాలి 52 లీటర్ల నుంచి 57కు పెరిగింది, కార్బన్ డయాక్సైడ్ 45 నుంచి 42కు దిగింది. సగం ఒంటి తీరు, సగం అలవాటు అని లెక్కేసుకున్నాను. ఒంటి తీరును మార్చలేం. అలవాటును మార్చవచ్చు.

హైదరాబాద్‌లో చెల్లింది, లేహ్‌లో ఎందుకు చెల్లలేదు

ఇక్కడ కొంచెం లెక్క తప్పదు. గాలిలో ఆక్సిజన్ వాటా ఎక్కడైనా 21 శాతమే. తగ్గేది గాలి బరువు. హైదరాబాద్‌లో మనం పీల్చిన గాలి తడిసి లోపలికి చేరేసరికి ఆక్సిజన్ ఒత్తిడి సుమారు 140 మి.మీ., లేహ్‌లో 93. ఊపిరితిత్తుల గదుల్లోకి వచ్చేసరికి అందులోంచి కార్బన్ డయాక్సైడ్ తన చోటు తాను తీసుకుంటుంది. అది 45 ఉంటే, దానికి కొంచెం ఎక్కువే, దాదాపు 50 పోతుంది. హైదరాబాద్‌లో ఇంకా 90 మిగులుతుంది. ఆ ఒత్తిడిలో రక్తం దాదాపు నిండుగానే ఉంటుంది. తక్కువ ఊపిరి తీసినా శిక్ష పడదు. పైగా ఛాతీ కండరాలకు పని తగ్గుతుంది, చూసేవాళ్లకు హుందాగా ఉంటుంది.

లేహ్‌లో అదే మనిషి అదే తీరున ఊపిరి తీస్తే మిగిలేది నలభై మూడు, నలభై నాలుగు. అక్కడ రక్తం ఆక్సిజన్‌ను పట్టుకునే గీత నిటారుగా పడిపోయే చోటు. అయిదు పాయింట్లు అటూ ఇటూ అయితే శాతం ఏడెనిమిది మారిపోతుంది. దానికి తోడు పరుగులో రక్తం ఊపిరితిత్తుల్లో నిలిచే సమయం తగ్గి, పూర్తిగా నిండకుండానే గుండెకు తిరిగొస్తుంది. ఈయన 71కి దిగడంలో ఆశ్చర్యమేమీ లేదు. ఎత్తులో కార్బన్ డయాక్సైడ్‌ను ఒక్కో పాయింటు ఊదేసిన కొద్దీ ఆక్సిజన్‌కు సుమారు ఒక్కో పాయింటు చోటు దొరుకుతుంది. ఈ బేరం ఎంతదాకా పోతుందో 1981లో ఎవరెస్ట్ శిఖరం మీద తేలింది. జాన్ వెస్ట్ నడిపిన అమెరికన్ వైద్య బృందంలో క్రిస్ పిజ్జో తన ఊపిరి నమూనాలు శిఖరం మీదే తీసి కిందికి తెచ్చారు. వాటిలో కార్బన్ డయాక్సైడ్ 7.5 మి.మీ. ఇక్కడ మన అందరికీ ఉండేది దాదాపు 40.

ఏం చేశాం, ఏది బెడిసికొట్టింది

నా మొదటి పొరపాటు శ్వాస కండరాల ట్రైనర్. బిగువుగా ఉండే గొట్టంలోంచి రోజుకు రెండుసార్లు ముప్పై శ్వాసలు పీల్చే పరికరం. ఎత్తులో ఛాతీ కండరాలు అలిసిపోతాయి కదా, ముందే గట్టిపరుద్దాం అనుకున్నాను. ఆరు వారాల్లో పీల్చే బలం 96 నుంచి 118కి పెరిగింది. ఆయనకు సంతోషం, నాకూ సంతోషం. కానీ నా రిపోర్టు నేనే సరిగా చదవలేదు. 148 లీటర్లు లాగగల మనిషి 84 దగ్గరే ఆగిపోతున్నాడంటే కొరత బలంలో లేదు, వాడకంలో ఉంది.

జూన్‌లో సెలవు పెట్టి భార్యతో కలిసి తొమ్మిది రోజులు లేహ్ వెళ్లారు. ఇది పరుగు కోసం కాదు, పరిశీలన కోసం. విమానానికి ముందు రోజు నుంచి రెండో రోజు వరకు అసిటజోలమైడ్ 125 మి.గ్రా. రోజుకు రెండు పూటలా. ఇది సల్ఫా జాతి మందు కాబట్టి అవి పడతాయో లేదో కనుక్కుని, ఇంటి దగ్గరే రెండు రోజులు వేయించి చూశాకే ఇచ్చాను. ఈ మందును ఎంచుకోవడానికి కారణం చెప్పాలి. ఎత్తుకు వెళ్లగానే మెడ దగ్గరి కెరాటిడ్ బాడీలు ఆక్సిజన్ తగ్గిందని పసిగట్టి ఊపిరి పెంచుతాయి. ఊపిరి పెరగ్గానే కార్బన్ డయాక్సైడ్ పోయి రక్తం క్షారం వైపు జరుగుతుంది. అప్పుడు మెదడు 'చాల్లే' అని బ్రేకు వేస్తుంది. కిడ్నీలు బైకార్బొనేట్‌ను మూత్రంలో వదిలేసిన కొద్దీ ఆ బ్రేకు రోజురోజుకూ సడలుతుంది. అలవాటు పడడమంటే చాలావరకు ఇదే. కొత్త రక్తం పట్టడానికి వారాలు కావాలి, ఊపిరి పెరగడానికి రోజులు చాలు. అసిటజోలమైడ్ కిడ్నీల పనిని తొందర చేస్తుంది. పుట్టుకతోనే తక్కువ ఊపిరి తీసే మనిషికి ఆ చిన్న తోపు అవసరమనిపించింది. వేళ్లు జివ్వుమంటాయనీ, సోడా చప్పగా తగులుతుందనీ ముందే చెప్పాను.

రెండో రోజు ఉదయం కూర్చుని చూస్తే ఆక్సిజన్ 84. ఇక్కడొక చిక్కొచ్చింది. కోవిడ్ రోజుల్లో కొన్న ఆక్సీమీటర్ అది. 94 కంటే తగ్గితే ఆసుపత్రికి పరిగెత్తాలని ఆయన భార్య మనసులో నాటుకుపోయింది. "సార్, ఎనభై నాలుగు చూపిస్తోంది, కిందికి దిగిపోదామా?" అని ఫోన్. ఒకసారి 64 కూడా చూపించింది. చేతులు ఐసులా ఉన్నాయట. వేడి టీ గ్లాసు పట్టుకుని అయిదు నిమిషాలయ్యాక మళ్లీ చూడమన్నాను, 85 వచ్చింది. ఆ ఎత్తులో రెండో రోజు అది మామూలే. తలనొప్పి పెరుగుతోందా, వాంతులున్నాయా, నడకలో తూలుతున్నారా, కూర్చున్నా ఆయాసమా అన్నవి అడిగాను. ఏదీ లేదు. అంకెను ఒంటరిగా చూడొద్దని చెప్పాను.

నాలుగో రోజు శాంతి స్తూపం మెట్లు ఎక్కించాను. దాదాపు 500 మెట్లు, కొలతకు వీలైన చోటు. సగం దాకా తన లెక్కతో ఎక్కి చూసుకున్నారు: 74. అప్పుడు నా రెండో పొరపాటు. "లెక్క మానేసి, కావాలని లోతుగా, వేగంగా పీల్చండి" అన్నాను. 84కు ఎగబాకింది. నేనిక్కడ ఫోన్‌లో సంబరపడుతుండగానే అట్నుంచి ఆయన గొంతు: "వేళ్లు కొంకర్లు పోతున్నాయి సార్, తల తిరుగుతోంది." మెట్ల మీద కూర్చోబెట్టాం. ఒళ్లు అడిగినదానికంటే ఎక్కువ ఊదేస్తే కార్బన్ డయాక్సైడ్ హఠాత్తుగా పడిపోయి మెదడుకు పోయే రక్తనాళాలు ముడుచుకుంటాయి. వేలి దగ్గర ఆక్సిజన్ బాగుంటుంది, తలకు అందదు. ఒక లెక్క తీసేసి ఇంకో లెక్క అంటగట్టానన్నమాట. రెండు పద్ధతుల్లోనూ ఊపిరికి యజమాని ఆయన తలే అయింది, ఒళ్లు కాలేదు.

ఆ రాత్రి ఇంకో సంగతి. ఆవిడకు రెండింటికి మెలకువ వచ్చి చూస్తే, ఈయన గబగబా నాలుగైదు శ్వాసలు తీసి, తర్వాత పది సెకన్ల పైన చప్పుడు లేదట. "ఏవండీ!" అని కుదిపి లేపేశారు. తెల్లవారగానే ఫోన్. నిద్రలో ఊపిరి అలలు అలలుగా రావడం అక్కడ చాలామందికి జరిగేదే. ఆక్సిజన్ తగ్గితే ఊపిరి పెరుగుతుంది, పెరిగితే కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది, తగ్గితే ఊపిరి ఆగుతుంది, మళ్లీ మొదటికి. మందు మళ్లీ మొదలుపెడదామా అని ఆలోచించాను. పగలు తలనొప్పి లేదు, కూర్చున్నప్పటి అంకె 87కు పెరుగుతోంది. అక్కర్లేదనుకున్నాను. నిజానికి ఆ గబగబా శ్వాసల సంగతి విన్నాక నాకు ధైర్యం వచ్చింది. తల నిద్రపోతే ఈయన ఒంటికి ఊపిరి తీయడం బాగానే వచ్చు.

పనిచేసింది

ఆరో రోజు మళ్లీ అవే మెట్లు. ఈసారి ఊపిరి గురించి ఒక్క మాట చెప్పలేదు. నోరు తెరవమన్నాను. అడుగు ఎంత నెమ్మదైనా ఫరవాలేదు, భార్యతో మాట్లాడుతూ ఎక్కమన్నాను. ఒక్క విడతలో మూడు నాలుగు మాటలు చెప్పగలగాలి. ఒక్క మాటకే ఆగిపోతే అడుగు తగ్గించాలి. ఆవిడ చూస్తూ శ్వాసలు లెక్కపెట్టారు, నిమిషానికి 27. ఆక్సిజన్ 82. రోజులు గడిచినందువల్ల కూడా పెరిగి ఉండొచ్చు కదా అన్న అనుమానంతో, అరగంట విశ్రాంతి తర్వాత అదే వేగంతో పాత లెక్క పద్ధతిలో ఎక్కించాం. శ్వాసలు 14, ఆక్సిజన్ 76. ఆరు పాయింట్ల తేడా ఒకే రోజు, ఒకే మెట్ల మీద. ఆ ఇద్దరినీ ఒప్పించింది నా పాఠాలు కాదు, ఈ రెండు అంకెలు.

ముక్కు సంగతి కూడా తేలింది. మెల్లగా నడిచేటప్పుడు ముక్కు చాలు. చల్లని పొడిగాలి తడిసి లోపలికి పోతుంది, దగ్గు రాదు. ఎక్కుడు దారిలో, పరుగులో ముక్కు ఇరుకైపోతుంది. నోటికి పల్చని బఫ్ (మెడకు తొడుక్కునే గుడ్డ) కట్టుకుని నోటితో పీల్చమన్నాను.

హైదరాబాద్ తిరిగొచ్చాక మూడు నెలలు ఇదే సాధన: లెక్క లేని పరుగు. చదివినంత తేలిక కాదు. "లెక్క మానేస్తే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టుంది సార్" అన్నారొకసారి. ప్రాణాయామం మానమని మాత్రం అనలేదు. కూర్చున్నప్పుడు నెమ్మదైన లోతైన శ్వాస ఎత్తులోనూ మేలే చేస్తుంది. ఒక్కో శ్వాసలో వృథాపోయే గాలి తగ్గుతుంది. కూర్చుని చేసేది కూర్చుని, పరుగులో పరుగుది.

సెప్టెంబర్‌లో పరుగుకు పదకొండు రోజుల ముందే లేహ్ చేరారు. మన సైన్యంలో 9,000 నుంచి 12,000 అడుగుల మధ్యకు చేరినవాళ్లకు మొదటి ఆరు రోజులు అలవాటుకే కేటాయిస్తారు, అందులో తొలి రెండు రోజులు పూర్తి విశ్రాంతి. లేహ్ సరిగ్గా ఆ మెట్టులోనే ఉంది కాబట్టి అదే పాటించాం, మిగతా రోజులు తేలికపాటి పరుగు. అసిటజోలమైడ్ మళ్లీ రెండో రోజుతోనే ఆపేశాం. గట్టి శ్రమలో అది సత్తువను కొంత తగ్గించగలదు, పరుగు నాటికి ఒంట్లో ఉండకూడదు. పరుగు ముందు రోజు కూర్చున్నప్పటి అంకె 91.

మిగిలింది వాచీ. దాని అద్దం మీద మందుల షాపులో దొరికే ప్లాస్టర్ ముక్క అంటించుకున్నారు. ఆలోచన ఆయనదే. ఆ ఎత్తులో గరిష్ఠ సామర్థ్యం అయిదో వంతుకు పైగా తగ్గుతుందని, రెండున్నర గంటలు పడితే మంచి పరుగేనని ముందే మాట్లాడుకున్నాం. ఎక్కుడు వచ్చిన ప్రతిచోటా నడిచారు. పక్కనున్నవాళ్లు దాటిపోతుంటే బాధనిపించిందట. 2 గంటల 29 నిమిషాల్లో పూర్తిచేశారు. ఆగిన వెంటనే 79, పది నిమిషాలకు 89.

నేను నేర్చుకున్నది

సీపెట్ రిపోర్టులో మన కళ్లు ముందు ఆక్సిజన్ వాడకం మీదికే పోతాయి. ఎత్తుకు వెళ్లే మనిషి విషయంలో ఇప్పుడు నేను ముందు కార్బన్ డయాక్సైడ్ గీత చూస్తున్నాను. చివరి నిమిషాల్లో అది కిందికి వంగకపోతే, ఎంత మంచి రన్నరైనా సరే, పరుగులో ఊపిరి ఎలా తీస్తారని అడుగుతాను. 'కంట్రోల్‌గా' అని జవాబొస్తే అక్కడ ఆగుతాను. హైదరాబాద్‌లో ఈ మనిషి ఏ పరీక్షలోనూ తప్పడు. తప్పు బయటపడాలంటే ఆక్సిజన్ కరువు రావాలి.

ఇంకొకటి, 'ఎక్కువగా ఊపిరి పీల్చండి' అన్న సలహా నా నోట రావడం మానేశాను. శ్రమ తగ్గించమనడం, నోరు తెరవమనడం, మాట్లాడించడం, ఇవి చాలు. ఒక్క కేసుతో అందరికీ ఇదే వైద్యమని చెప్పను. ఎత్తులో ఆయాసపడే వాళ్లలో ఎక్కువమంది సరిపడా ఊపిరి తీస్తూనే, వేగం ఎక్కువై, రోజులు తక్కువై ఇబ్బంది పడతారు. వాళ్లకు ఇదంతా అక్కర్లేదు, ఇంకో వారం ముందు విమానం ఎక్కితే చాలు.

డిసెంబర్‌లో ఆయనకు సీపెట్ మళ్లీ చేశాం. ఎత్తులో పెరిగిన ఊపిరి కిందికి దిగాక కొన్ని వారాల్లో జారిపోతుంది, అందులో వింత లేదు. అలవాటు వైపు సగమైనా నిలిచి ఉంటుందని ఆశపడ్డాను. చివరి నిమిషంలో శ్వాసలు 33, కార్బన్ డయాక్సైడ్ 44. ఆ రెండు పాయింట్లు కొత్త అలవాటువో, ఆ రోజు మాస్క్ బిగువు తేడావో చెప్పలేను. రిపోర్టు చూసి ఆయన అడిగింది వేరే: ఖార్దుంగ్ లా మీదుగా పరిగెత్తే 72 కిలోమీటర్ల పోటీకి పేరు ఇవ్వొచ్చా అని. ఆ కనుమ ఎత్తు 5,300 మీటర్ల పైన. ముందు ఫెరిటిన్ మళ్లీ చూద్దామన్నాను.